తొమ్మిదో కిరణం దగ్గర ముడత

సోమవారం ఉదయం పదకొండుంబావుకి, ఆరువేల నాలుగు వందల చొక్కాల్లో ఒక్కదానికి కూడా ముడత లేదన్న భయంకరమైన సంగతి బయటపడింది.

కనిపెట్టినవాడు జోగారావు. రాష్ట్ర ఏకరూప దుస్తుల మండలిలో నాణ్యతా తనిఖీదారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతను బొత్తాలు లేని చొక్కాలు చూశాడు, జేబులు లోపలివైపు కుట్టిన నిక్కర్లు చూశాడు, మూడు చేతుల చొక్కా కూడా ఒకటి చూశాడు. ఎప్పుడూ చెమట పట్టలేదు. ఇప్పుడు పట్టింది.

“ఇంకో కట్ట విప్పండి,” అన్నాడు.

విప్పారు. నీలం చొక్కా. నీటి మీటర్లు చూసే సిబ్బందికి కొత్త యూనిఫాం. ఎడమ ఛాతీ మీద ముద్ర: కుళాయి పైన ఉదయిస్తున్న సూర్యుడు, పదకొండు కిరణాలు. జోగారావు భూతద్దం పెట్టి ఒక్కో కిరణాన్నీ దాటుకుంటూ వెళ్ళి తొమ్మిదో దాని దగ్గర ఆగాడు. అది సూదిలా తిన్నగా ఉంది.

“సుదర్శనం! ఆమోదం పొందిన ఫోటో ఏదీ?”

పక్కనే నిలబడ్డ సుదర్శనం ఫోటో అందించాడు. అందులో తొమ్మిదో కిరణం వంగి ఉంది. రెండో బొత్తం పక్కన మొదలై చంకవైపు ఏటవాలుగా ఎక్కిన ముడత ఒకటి ఆ కిరణాన్ని సరిగ్గా నడుం దగ్గర వంచేసింది.

“చూశావా?” జోగారావు గొంతు తగ్గించాడు, శవం పక్కన మాట్లాడేవాడిలా. “ఫోటోలో ముడత ఉంది. సరుకులో లేదు.”

ఆ ముడతని ఫోటోలోకి తెచ్చిన మనిషెవరో భూమ్మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ప్రస్తుతం గోదాములో నిలబడి, జోగారావు భూతద్దం తుడవడానికి తన జేబురుమాలు అందిస్తున్నాడు.

సుదర్శనం ఆ మండలిలో ఫోటో ఆపరేటరు. కాగితాల మీద అతని హోదా ‘ఛాయాచిత్ర సంస్కరణ సహాయకుడు, తాత్కాలికం’. పదకొండేళ్ళుగా తాత్కాలికం. ఏటా మార్చి నెలాఖరున డైరెక్టరు ఏకాంబరం గారు ఒక సంతకం పెడితే ఇంకో ఏడాది తాత్కాలికంగా ఉండే హక్కు వస్తుంది. ఇది మార్చి నెల.

రెండు నెలల కిందట జరిగిందిది.

కొత్త చొక్కా ఎలా ఉండబోతోందో కుట్టకముందే కళ్ళకి కట్టేలా బొమ్మ చెయ్యమన్నారు. సుదర్శనం ఖాళీ చొక్కా ఫోటో ఒకటి తీసుకుని, కంప్యూటర్లో దాని ఛాతీ మీద ముద్ర పెట్టి పట్టుకెళ్ళాడు. డైరెక్టరు దాన్ని దగ్గరగా చూశారు, దూరంగా చూశారు, తలకిందులుగా కూడా చూశారు.

“అతికించినట్లున్నది. దీనియందు వాస్తవికత లోపించినది.”

ఏకాంబరం గారు మామూలుగానే అలా మాట్లాడతారు. ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు ఎలా అడుగుతారో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

రెండోసారి సుదర్శనం ముద్రని పలచన చేసి, బట్ట రంగూ నేతా కిందినుంచి కనపడేలా కలిపాడు. “మెరుగు. అయితే చొక్కా ముడుచుకొనినచోట సూర్యుడు ముడుచుకొనుట లేదు,” అన్నారు. మూడోసారి నీడలు దిద్దుకుని, పొద్దున పదిన్నరకి పట్టుకెళ్ళాడు. “ఈ చొక్కాను ఎవరును తొడగలేదు. తొడిగిన చొక్కా కావలెను. ఇందు ఉద్యోగి జీవితము కనిపించవలెను,” అని ఫైలు తిరిగి చేతిలో పెట్టేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

సుదర్శనం కడుపు మండి మెట్లు దిగొచ్చాడు. సెల్‌ఫోను బల్లమీద పుస్తకాలకి ఆనించి, తన ఒంటిమీదున్న తెల్లచొక్కానే ఫోటో తీసుకున్నాడు. కంప్యూటర్లో తల తీసేశాడు, చేతులు తీసేశాడు, తెలుపుని నీలం చేశాడు. ఛాతీ మీద ముడత ఒకటి కనిపించింది. ఎందుకు పడిందో ఆలోచించలేదు, ఉంది కదా అనుకున్నాడు. ముద్రని తీసుకెళ్ళి దానిమీద పెట్టి, బట్ట ఎటు వంగితే సూర్యుడూ అటు వంగేలా, లోతులో నీడ, గట్టు మీద వెలుగు, ఒక్కో కిరణమే దిద్దుకుంటూ పోయాడు. రెండు రోజులు పట్టింది. తొమ్మిదో కిరణం ఒక్కటే ఒక పూట తినేసింది. అయిపోయాక తెర మీద వేలితో తడిమి చూసుకున్నాడు, ముడత చేతికి తగుల్తుందేమోనని. పదకొండేళ్ళలో ‘ఇది నేను చేశాను’ అని చెప్పుకోదగ్గ పని అదొక్కటే అనిపించింది.

డైరెక్టరు కుర్చీలోంచి లేచారు. “ఇదీ చొక్కా!” అన్నారు. ఆకుపచ్చ సిరాతో రాశారు: ‘ఆమోదించడమైనది. సరఫరా చేయబడు ప్రతి చొక్కాయు ఈ చిత్రమునకు సర్వవిధముల సరిపోలవలెను.’

ఆ ‘సర్వవిధముల’ అన్న మాట రెండు నెలలు ఫైల్లో హాయిగా నిద్రపోయి, సోమవారం పదకొండుంబావుకి కళ్ళు తెరిచింది.

*

మధ్యాహ్నం మూడింటికి అత్యవసర సమావేశం పెట్టారు. చొక్కాలు కుట్టింది పెడనలోని ఒక మహిళా కుట్టు సంఘం. అరవై రెండు మంది ఆడవాళ్ళు, అరవై రెండు మిషన్లు. సంఘం పెద్ద నాంచారమ్మకి కబురుపెట్టి రప్పించారు. యాభై ఏళ్ళ మనిషి, చీరకొంగుకి వరసగా నాలుగు పిన్నీసులు, మెడలో పుస్తెలతోపాటు కొలతల టేపు. బస్సు దిగి నేరుగా వచ్చింది.

“నాంచారమ్మగారూ,” డైరెక్టరు మొదలుపెట్టారు, “మీరు ముడతను ఎందుకు సరఫరా చేయలేదు?”

“ముడతేంటయ్యా?”

జోగారావు ఫోటో చూపించాడు. నాంచారమ్మ చూసింది. చూసి ఇంకా అయోమయపడింది.

“మేం కుట్టి, ఒకటికి రెండుసార్లు ఇస్త్రీ చేసి మరీ కట్టలు కట్టామయ్యా. ముడతలుంటే మీరు తిడతారని.”

“అనగా ఉద్దేశపూర్వకముగా ముడతలను నిర్మూలించితిరి. జోగారావ్, రాసుకొనండి.”

“అయ్యో, చొక్కా సామీ అది! తొడుక్కుంటే దానంతటదే పడుద్ది.”

“ఏదో ఒక ముడత పడును. ఈ ముడతయే పడునని హామీ ఇవ్వగలరా? ఇదే స్థలమున, ఇదే వాలున?”

“మా పిల్ల పదో తరగతి పాసవుద్దనే హామీ ఇవ్వలేను నేను. ముడతకేం ఇస్తాను?” అంది నాంచారమ్మ. తర్వాత ఫోటో మీదకి వంగి, పిన్నీసు కొసతో ముడతని చూపించింది. “నాకెందుకో ఇది ఎవరో కావాలని పెట్టినట్టుందయ్యా.”

సుదర్శనం ఒకడుగు ముందుకేశాడు.

“సార్, ఆ ముడత...” అన్నాడు.

“ఆ ముడతయే ఈ చిత్రమునకు ప్రాణము. నీవు కూర్చొనుము.”

సుదర్శనం కూర్చోలేదు. కుర్చీ లేదు. ఆ ఆఫీసులో తాత్కాలిక సిబ్బందికి కుర్చీలుండవు. డైరెక్టరు గది బయట వరండాలో రెండు బెంచీలుండేవి గానీ, అవి ‘నిరీక్షకులలో అలసత్వమును పెంపొందించుచున్నవి’ అని నిరుడు తీయించేశారు.

డైరెక్టరు నాంచారమ్మ మాటని వదల్లేదు. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి తీర్పు చెప్పారు.

“ఎవరైనను దీనిని కల్పించినట్లు తేలినచో అది మోసము. కల్పించినవాడు ఆ క్షణమే ఉద్యోగమునుండి తొలగింపబడును. తేలనిచో, అది ప్రమాణము. ప్రస్తుతమునకు తేలలేదు. కావున ప్రమాణము. వచ్చే వారము శుక్రవారములోగా ఆరువేల నాలుగు వందల చొక్కాలును ముడతతో సమర్పించవలెను. లేనియెడల మీ సంఘము నల్లజాబితాలో చేర్చబడును.”

“చేరిస్తే ఏమవుద్దయ్యా?”

“అయిదేళ్ళపాటు ఏ ప్రభుత్వ ఆఫీసూ మీచేత జేబురుమాలు కూడా కుట్టించదు,” అన్నాడు జోగారావు.

పెడనలో ఆ సంఘం కుట్టేదల్లా ప్రభుత్వ దుస్తులే. నాంచారమ్మ మెడలో టేపుని రెండు చేతులతో పట్టుకుంది, పడిపోతున్న మనిషి ఏదో ఒకటి పట్టుకున్నట్టు.

*

మర్నాటికల్లా ‘ముడత నిర్ధారణ ఉపసంఘం’ ఏర్పడింది. జోగారావు దానికి కన్వీనరు. ఫోటోని గోడంత చేయించి కొలిచాడు. పొడవు నలభై రెండు మిల్లీమీటర్లు, వాలు ముప్పై డిగ్రీలు. ఆ కొలతలకి ఇత్తడి రేకు ఒకటి కోయించి మెళ్ళో వేసుకున్నాడు. ఎవరెదురొచ్చినా కళ్ళలోకి కాదు, ఛాతీలోకి చూడ్డం మొదలుపెట్టాడు.

నాంచారమ్మ పెడన వెళ్ళి బుధవారం పది నమూనాలతో తిరిగొచ్చింది. ఇస్త్రీపెట్టె మొనతో సరిగ్గా అదే కొలతకి ముడత నొక్కించింది. జోగారావు రేకు పెట్టి చూశాడు. సరిపోయింది. భూతద్దం పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఇది ఇస్త్రీ గీతమ్మా. కిరణం వంగలేదు, విరిగింది. ముడతంటే సహజంగా పుట్టాలి.”

“సహజంగా ఆరువేలు ఎక్కడ పుడతాయయ్యా, కోడిపిల్లలా?”

“అది మీ సాంకేతిక సమస్య.”

ఇస్త్రీ అన్న మాట చెవిన పడేసరికి ఉపసంఘానికి కొత్త అనుమానం పుట్టింది. ఆఫీసు గేటు దగ్గరుండే ఇస్త్రీ బండి ‘ముడతల సహజ వికాసమునకు ప్రతికూల వాతావరణము కల్పించుచున్నది’ అని తేల్చి, రెండు వందల మీటర్ల అవతలికి తోయించారు. సిబ్బంది ఇస్త్రీ బట్టలతో ఆఫీసుకి రాకూడదని సర్క్యులరు వచ్చింది. గురువారం ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చిన గుమాస్తా ఒకాయన, అది పండక్కి పెట్టిన కొత్త చొక్కా అనీ, కొట్లో ఎలా మడిచారో అలాగే వేసుకొచ్చాననీ మూడు పేజీల సంజాయిషీ రాసుకున్నాడు.

ఫోటోని గోడంత చేశాక ఇంకో చిక్కు కూడా బయటపడింది. డైరెక్టరే కనిపెట్టారు.

“జోగారావ్! చిత్రములో చొక్కా తొడిగిన వ్యక్తికి తల లేదు.”

“లేదు సార్.”

“మన మీటరు రీడర్లకు?”

జోగారావు కాసేపు జ్ఞాపకం చేసుకున్నాడు. “ఉన్నాయి సార్. అందరికీ.”

“సర్వవిధముల సరిపోలవలెనని నేనే రాసితిని.”

జోగారావు ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆ క్షణంలో అక్కరకొచ్చింది.

“సార్, సర్వీసు నిబంధనల్లో తల తప్పనిసరి అని ఎక్కడా లేదు. కూడదని కూడా లేదు. కాబట్టి తలని సిబ్బంది వ్యక్తిగత సామానుగా పరిగణించవచ్చు.”

“మంచిది. ఆ మేరకు సడలింపు ఇవ్వడమైనది,” అన్నారు డైరెక్టరు. ఆకుపచ్చ సిరాతో అది కూడా ఫైలుకెక్కింది.

తల విషయంలో దొరికిన సడలింపు ముడత విషయంలో దొరకలేదు. “ఉద్యోగి జీవితమునకు గుర్తు ఆ ముడతయే, తల కాదు,” అన్నారాయన.

ఇక మిగిలింది అసలు చొక్కా. ఫోటోలో ఉన్న ‘మాతృక చొక్కా’ దొరికితే ముడత రహస్యం తెలుస్తుందని ఉపసంఘం నమ్మింది. “ఏదో స్టూడియోవాళ్ళ దగ్గర తెచ్చుంటావు కదయ్యా, వాకబు చెయ్యి,” అన్నాడు జోగారావు. సుదర్శనం తలూపి, వాకబు చెయ్యడానికి ఇంటికెళ్ళాడు.

“ఆ తెల్లదా?” అంది భార్య రత్నకుమారి, కూరలు తరుగుతూ. “కాలరు చిరిగిపోయిందిగా. స్టవ్వు తుడుస్తున్నా దాంతో.”

స్టవ్వు పక్కన మాతృక చొక్కా పసుపూ నూనే పట్టి పడి ఉంది. ముడతలు కనీసం రెండొందలున్నాయి. సుదర్శనం దాన్ని పట్టుకుని పీట మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు.

రత్నకుమారి కత్తిపీట పక్కకి జరిపింది. “మీ రెన్యువల్ సంతకం ఎప్పుడు?”

“వచ్చే వారం శుక్రవారమే. సంవత్సరాంతపు ఫైళ్ళన్నీ ఆ రోజే.”

“వాళ్ళ నల్లజాబితా?”

“అదీ శుక్రవారమే.”

“అయితే శుక్రవారం దాకా నోరు మూసుకోండి. వాళ్ళ ఫైలు మీద ఒక సంతకం, మీ ఫైలు మీద ఒక సంతకం. మీరు నోరు తెరిచారా, రెండో సంతకం పడదు. ఈ వయసులో ఇంకోచోట ఎవరిస్తారు మీకు పని?”

సుదర్శనం తలూపాడు. రత్నకుమారి ఇంకో వంకాయ తీసుకుంది. సగం కోసి ఆగింది.

“ఎంతమందన్నారు వాళ్ళు?”

“అరవై రెండు.”

ఆ రోజు వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

*

రెండో వారం తొడుగుడు పరీక్షలు మొదలయ్యాయి. పర్మనెంటు సిబ్బంది నలభై మందికీ కొత్త నీలం చొక్కాలిచ్చి, ముడత సహజంగా పుట్టేదాకా విప్పొద్దన్నారు. మండలి చరిత్రలో అంత శ్రద్ధగా పని జరిగిన వారం ఇంకొకటి లేదు. జోగారావు స్కూటరు మీద ఊరు మూడు చుట్లు తిరిగొచ్చాడు. ఇద్దరు గుమాస్తాలు చొక్కాల కోసం కిక్కిరిసిన సిటీ బస్సెక్కారు. రికార్డు గది పెద్దిరాజు మధ్యాహ్నం పూట బల్లమీద తల పెట్టి పడుకోవడం పదహారేళ్ళుగా ఉన్నదే. ఈసారి దాన్ని ‘ముడత నిమిత్త విశ్రాంతి’ అని హాజరు పట్టీలో రాసి, ఆఖరికి అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

సాయంత్రం అయిదింటికి అందరూ వరసగా నిలబడేవారు. జోగారావు ఇత్తడి రేకుతో ఒక్కొక్కరి ఛాతీ తనిఖీ చేసేవాడు.

ముడతలు పడ్డాయి. నడుము దగ్గర పడ్డాయి, వీపు మీద పడ్డాయి, పొట్టమీద బ్రహ్మాండంగా పడ్డాయి. ఛాతీ మీద మాత్రం ఒక్కరికీ పడలేదు.

డైరెక్టరు నివేదిక చదివి దిగులుగా అన్నారు: “మన ఉద్యోగుల జీవితము ఛాతీ వరకు వచ్చుట లేదు.”

గురువారం, ఆఖరి ప్రయత్నంగా, తాత్కాలిక సిబ్బందికి కూడా చొక్కాలిచ్చారు. సుదర్శనం తనకిచ్చిన చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చేసరికి నాంచారమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నాలుగు రోజులుగా రోజూ పెడన నుంచి వస్తోంది, డైరెక్టరుగారిని ఒక్కసారి చూద్దామని. రోజూ నిలబడి వెళ్ళిపోతోంది.

“ఆగు నాయనా,” అంది. “రెండో బొత్తం దారం వదులైంది. మా పిల్లెవరో తొందరపడింది.”

“ఫర్లేదమ్మా.”

“నీకు ఫర్లేదు. నా చొక్కాకి ఫర్లేకుండా ఎట్టా ఉంటది?” ఆవిడ కొంగు పిన్నీసు దగ్గర చుట్టిపెట్టుకున్న సూదీ దారం తీసి, నిలబడ్డవాడిని నిలబడ్డట్టే ఉంచి కుట్టసాగింది. “మా సంఘంలో సగంమందికి ఈ మిషనే ఆధారం. ఒకామెకి మొన్నే కళ్ళజోడు మార్పించాం, కిరణాలు సన్నంగా ఉన్నాయని. ఒక్క కిరణం వంకర పోకూడదమ్మా అని నేనే ప్రాణం తీశాను వాళ్ళది. తిన్నగా కుట్టడమే తప్పవుద్దని కల్లో కూడా అనుకోలా.”

సుదర్శనం సూదిని చూస్తున్నాడు. అది గుండెకి అంగుళం దూరంలో వచ్చిపోతోంది.

“ఆ ముడత ఎవడు పెట్టాడోగానీ,” అంది నాంచారమ్మ, “వాడి చొక్కాలకి జన్మలో బొత్తాలు నిలవకూడదు.” అని, పంటితో దారం తెంపి, బొత్తాన్ని రెండుసార్లు గుంజి చూసింది. “ఇంక ఇది ఊడదులే. పో నాయనా.”

*

శుక్రవారం.

నల్లజాబితా ఫైలుకి ఆమోదిత చిత్రం జతచెయ్యాలి గనక దాన్ని సుదర్శనమే స్వయంగా తీసుకెళ్ళాలన్నారు. దాని కిందే అతని రెన్యువల్ ఫైలు. రెండూ కలిపి పట్టుకుని, నిన్నటి నీలం చొక్కాతోనే పది నలభైకి డైరెక్టరు గది ముందు నిలబడ్డాడు. తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. అంటే లోపల ఆలోచిస్తున్నారని అర్థం.

ఆ తలుపు ముందు నిలబడ్డానికో పద్ధతుంది. ఫైలు కింద పెట్టకూడదు. చంకలో పెట్టకూడదు. చేత్తో వేలాడదీయకూడదు. గౌరవసూచకంగా నిలువుగా ఛాతీకి ఆనించి, రెండు చేతులతో పట్టుకోవాలి.

పదకొండున్నర. ఎర్రబల్బు. వరండా చివర నాంచారమ్మ, ఆవిడతో ఇవాళ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామెకి కొత్త కళ్ళజోడు.

పన్నెండుంబావు. సుదర్శనం చెయ్యి మార్చుకున్నాడు. రెండు సంతకాలు, అనుకున్నాడు. లోపలికెళ్తాను, పెడతారు, బయటికొస్తాను. నాకు నోరు లేదనుకుంటే సరి.

ఒంటిగంటా నలభై. మళ్ళీ చెయ్యి మార్చుకోబోతూ యథాలాపంగా కిందకి చూసుకున్నాడు.

రెండో బొత్తం పక్కన మొదలై, చంకవైపు ఏటవాలుగా, తొమ్మిదో కిరణాన్ని నడుం దగ్గర మెత్తగా వంచుతూ, ముడత.

కంప్యూటర్లో ఒక పూటంతా పెట్టి దిద్దినవాడు గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? నీడ పడాల్సినచోట నీడ, వెలుగు పడాల్సినచోట వెలుగు. ఆ రోజు తెల్లచొక్కాతో కూడా తను ఇక్కడే, ఇలాగే, ఇంతసేపే నిలబడ్డాడు. సుదర్శనం ఫైలు పక్కకి జరిపి అలా చూస్తూ ఉండిపోయాడు.

అటుగా పోతున్న జోగారావు అలవాటుకొద్దీ అతని ఛాతీలోకి చూశాడు. రెండడుగులు ముందుకేసి, వెనక్కొచ్చాడు. ఇత్తడి రేకు ఆనించాడు.

“కదలకు!” అని కేక పెట్టాడు. “ఊపిరి పీల్చకు! సార్! సార్! పడింది సార్!”

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ తలుపు ఎర్రబల్బు ఆరకుండా తెరుచుకుంది. జోగారావు, పెద్దిరాజు కలిసి సుదర్శనాన్ని గాజు సామాను దాటించినట్టు గుమ్మం దాటించారు. నాంచారమ్మ కూడా వెనకే లోపలికొచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

డైరెక్టరు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఇదియే! నలభై రెండు?”

“నలభై రెండే సార్. వాలు కూడా ముప్పై.”

“సహజమా?”

“పక్కా సహజం సార్. నా కళ్ళముందు పుట్టింది.”

“సుదర్శనం!” ఏకాంబరం గారి గొంతులో అంత ప్రేమ ఎవరూ ఎప్పుడూ వినలేదు. “నీవు ఈ మండలి పరువు నిలిపితివి. నీ ఫైలు ఇటు ఇమ్ము, ముందు నీకే సంతకము చేసెదను. జోగారావ్, కలము తీయుడు. ఈతడు చెప్పునది అక్షరము పోకుండ రాయుడు. అదే విధానముగా సర్క్యులరు జారీ చేయుదము. చెప్పుము నాయనా. ఎట్లు పుట్టినది ఈ ముడత?”

సుదర్శనం చేతిలోని ఫైళ్ళని చూశాడు. కొత్త కళ్ళజోడావిడ గుమ్మంలోంచి అతని ఛాతీ మీద కిరణాల్ని లెక్కపెడుతోంది, పెదాలు కదుపుతూ. అతను రెండో బొత్తం మీద చెయ్యి వేసుకున్నాడు. గట్టిగా ఉంది.

“రాసుకోండి జోగారావుగారూ,” అన్నాడు.

“ముందుగా ఈ ఫైళ్ళు కింద పెడుతున్నాను. కింద పెట్టకూడదని రూలుంది, తెలుసు. పెట్టేశాను. ఆ ఫోటోలో ఛాతీ నాది సార్. ఏ స్టూడియోదీ కాదు. తల నేనే తీసేశాను, చేతులు నేనే తీసేశాను, రంగు నేనే మార్చాను. సూర్యుణ్ణి ముడత మీద వంచింది కూడా నేనే. నాంచారమ్మగారూ, మీరు నిన్న తిట్టినవాడికే బొత్తం కుట్టారు. ముడత మాత్రం నేను పెట్టింది కాదు, పడింది. ఎక్కడ పడిందో ఇందాకటిదాకా నాకూ తెలీదు. మూడోసారి మీరు ఫైలు తిప్పి పంపినరోజు పదిన్నరకి వచ్చి మీ తలుపు ముందు నిలబడ్డా. పిలిచేసరికి ఒంటిగంటన్నర. ఇవాళా అంతే. విధానం అడిగారు కదా, చెప్తాను. ఎడంచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ఫైలు అట్ట అంచు ఇదిగో, ఇక్కడ ఒత్తుకుంటుంది. అరగంటకోసారి చెయ్యి మారుస్తాం, అప్పుడు బట్ట కొంచెం పైకి లాక్కుపోతుంది. గంటకి అయిదో కిరణం, రెండు గంటలకి ఏడోది. మూడు గంటలైతేగానీ తొమ్మిదోదాని దగ్గరికి రాదు. మీ నలభై మందికీ పడకపోవడం వాళ్ళ తప్పు కాదు సార్, వాళ్ళకి కుర్చీలున్నాయి. ఉద్యోగి జీవితం కనపడాలన్నారు మీరు. నేను మోసం చెయ్యలేదు, కనపడింది, దిద్దాను. ఇప్పుడు నా ఫైలు మీద సంతకం పెడతారో, పెన్ను మూసేస్తారో మీ ఇష్టం. వీళ్ళ చొక్కాల్లో మాత్రం ఏ లోపమూ లేదు, ఒక్క కిరణం కూడా వంకర లేదు. వీటికి ఆ ముడతే కావాలంటే కుట్టేవాళ్ళని అడగక్కర్లేదు సార్. మీ తలుపు చాలు.”